ఫోన్‌లో ఉన్న డబ్బు ఎవరి దగ్గర ఉన్నట్టు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డబ్బు గురించే. ముందే ఒక మాట. నేను ఆర్థికశాస్త్రం చదివినదాన్ని కాను, హైదరాబాద్‌లో చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం నాది. మీ ఫోన్‌లో కనిపించే అంకె వెనకాల ఏం జరుగుతుందో చెప్పగలను, రేపు బంగారం ఎంతవుతుందో మాత్రం అడగొద్దు. పేర్లు వేయొద్దని చాలామంది రాశారు కాబట్టి ఎవరివీ వేయలేదు.

ప్ర: మేడమ్, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఫోన్‌పే వాడటం మనవడు నేర్పాడు, బాగానే ఉంది. మొన్న బ్యాంకుకి వెళితే "డిజిటల్ రూపాయి యాప్ కూడా వేసుకోండి సార్" అన్నారు. ఇప్పుడు నేను వాడుతున్నది డిజిటల్ కాదా? రెండింటికీ తేడా ఏమిటి? నోట్లు తీసేస్తారా? — తెనాలి పాఠకుడు

జ: మాస్టారూ, ఆర్టీసీ బస్సులో 50 నోటు ఇస్తే చిల్లర లేక కండక్టర్ టికెట్ వెనకాల 20 అని రాసి ఇవ్వడం మీకు బాగా తెలిసే ఉంటుంది. ఆ 20 మీదే, కానీ మీ చేతిలో ఉన్నది డబ్బు కాదు, కండక్టర్ మీకు పడ్డ బాకీ. దిగేలోపు ఆయన్ని పట్టుకోవాలి. బ్యాంకు ఖాతాలో మీ బ్యాలెన్స్ కూడా అలాంటి బాకీయే, కాకపోతే బాకీ పడ్డది బ్యాంకు. మీరు కూరగాయల కొట్టు దగ్గర 60 రూపాయలు కొట్టగానే మీ యాప్ ఆ కబురు యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థకి పంపుతుంది, వాళ్లు మీ బ్యాంకుని అడిగితే మీ ఖాతాలో 60 తగ్గుతుంది, ఆ తర్వాత కొట్టతని బ్యాంకుకి చెబితే అక్కడ 60 పెరుగుతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. అసలు డబ్బు బ్యాంకుల మధ్య తర్వాత విడతలుగా, రిజర్వు బ్యాంకులో వాళ్లకున్న ఖాతాల ద్వారా సర్దుబాటు అవుతుంది. అంటే యూపీఐ డబ్బు కాదు, బాకీలను ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి మార్చే దారి.

డిజిటల్ రూపాయి మాత్రం నోటే, కాగితం లేదంతే. 2022లో ఆర్బీఐ చట్టాన్ని సవరించి బ్యాంకు నోటు అంటే డిజిటల్ రూపంలో ఉన్నది కూడా అని చేర్చారు. మామూలు జనం వాడేందుకు ప్రయోగం 2022 డిసెంబర్ 1న మొదట ముంబై, ఢిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్‌లలో మొదలైంది, హైదరాబాద్ తర్వాతి జాబితాలో వచ్చింది. యాప్ ఇచ్చేది మీ బ్యాంకే అయినా అందులోని రూపాయికి పూచీ రిజర్వు బ్యాంకుది. బ్యాంకు మునిగితే ఖాతాలోని డబ్బుకి 5 లక్షల దాకా, అదీ అసలు వడ్డీ కలిపి, బీమా ఉంటుంది. డిజిటల్ రూపాయికి ఆ బీమా అవసరమే రాదు. అలాగే వడ్డీ కూడా రాదు, జేబులో నోటుకి ఎవరూ వడ్డీ ఇవ్వనట్టే.

మరి మీకు కావాలా అంటే, నా ఉద్దేశంలో ఇప్పటికైతే అక్కర్లేదు. కొట్టులో మీరు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ అదే, ఖర్చు పెట్టే తీరూ అదే. యూపీఐ ఇంత బాగా పనిచేసే దేశంలో దీన్ని జనం ఎందుకు వాడాలన్నదానికి గట్టి జవాబు రిజర్వు బ్యాంకు కూడా ఇంకా వెతుక్కుంటూనే ఉందని నా అనుమానం. 2025 మార్చి నాటికి చలామణిలో ఉన్న డిజిటల్ రూపాయిలు సుమారు 1,016 కోట్లు, అదే కాగితం నోట్లు 36 లక్షల కోట్లకు పైనే. ఈ లెక్క చూశాక నోట్లు తీసేస్తారా అన్న భయం మీలాంటి లెక్కల మాస్టారికి ఉండకూడదు. యాప్ వేసుకోవాలన్న బలవంతమూ లేదు. బ్యాంకు వాళ్లకి టార్గెట్లు ఉంటాయి పాపం, నవ్వి ఊరుకోండి.

ప్ర: అక్కా, మాది చిన్న టీ, టిఫిన్ సెంటర్. పక్కనే మా తమ్ముడి కిరాణా కొట్టు. బెంగళూరులో ఫోన్‌పే లెక్కలు చూసి టీకొట్ల వాళ్లకి లక్షల్లో జీఎస్టీ నోటీసులు వచ్చాయంట. మేము కూడా క్యూఆర్ స్టిక్కర్ పీకేసి "ఓన్లీ క్యాష్" బోర్డు పెడదామా అని టెన్షన్‌గా ఉంది. — హనుమకొండ పాఠకుడు

జ: బెంగళూరు సంగతి నిజమే. 2025 జూలైలో అక్కడి వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లను బట్టి చిన్న వ్యాపారులకి నోటీసులు ఇచ్చింది, వీధుల్లో "నో యూపీఐ" కాగితాలు అంటించారు, గొడవ పెద్దదయ్యాక ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గింది.

కానీ తమ్ముడూ, స్టిక్కర్ పీకితే పన్ను పోదు. చట్టం చూసేది మీ మొత్తం అమ్మకాన్ని, నోట్లలో వచ్చినా ఫోన్‌లో వచ్చినా. టిఫిన్ సెంటర్ సేవల కిందికి వస్తుంది కాబట్టి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. రోజుకి లెక్కేస్తే ఐదున్నర వేలు. పొద్దున ఇడ్లీ, సాయంత్రం మిర్చి బజ్జీ వేసే సెంటరుకి అదేం పెద్ద అంకె కాదని మీకే తెలుసు. కిరాణా దగ్గర చాలామంది పొరబడతారు. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి చాలా రాష్ట్రాల్లో హద్దు 40 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. తెలంగాణలో మాత్రం 20 లక్షలే. విజయవాడలో మీ చుట్టాలెవరైనా చెప్పిన లెక్క హనుమకొండలో కుదరదు.

హద్దు దాటినా గుండెలు బాదుకోనక్కర్లేదు, కాంపోజిషన్ స్కీమ్ అని ఉంది. సరుకుల వ్యాపారికి అమ్మకం మీద 1 శాతం, హోటల్ వాళ్లకి 5 శాతం కట్టి, ప్రతి బిల్లుకీ లెక్కలు రాసే బాధ తప్పించుకోవచ్చు. ఆ పన్ను గిరాకీల దగ్గర విడిగా వసూలు చేయకూడదు, మీ జేబులోంచే పోతుంది. పాలు, కూరగాయల్లాంటి పన్ను లేని సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ గొడవే లేదు.

అసలు చిక్కు ఎక్కడంటే, మన దగ్గర కొట్టుకీ ఇంటికీ ఒకటే ఫోను, ఒకటే ఖాతా. చిట్టీ పాడిన డబ్బు, చెల్లెలు పంపిన చేబదులు, స్నేహితుడు తిరిగిచ్చిన అప్పు, అన్నీ అదే క్యూఆర్‌లో పడతాయి. నోటీసు పంపే కంప్యూటర్‌కి అది చిట్టీ డబ్బో చాయ్ డబ్బో తెలియదు, వచ్చిన రూపాయి వచ్చినట్టు కూడుతుంది. నేను ఇలాంటి వ్యవస్థల్లోనే పనిచేస్తాను కాబట్టి గట్టిగా చెబుతున్నా, రేపే కొట్టుకి విడిగా ఒక ఖాతా, ఒక క్యూఆర్ తీసుకోండి. పాత ఖాతాలో పెద్ద మొత్తాలు ఎవరు ఎందుకు పంపారో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. నోటీసు వచ్చినా అది డిమాండ్ కాదు, వివరణ అడగడం. చేతిలో లెక్క ఉంటే భయం లేదు.

ఇంకోటి. యూపీఐ మీద వ్యాపారి దగ్గర చార్జీ తీసుకోకూడదని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. "క్యూఆర్‌లో కొడితే రెండు రూపాయలు ఎక్కువ" అనే కొట్లవాళ్లు దయచేసి మానండి. సౌండ్ బాక్స్‌కి నెల అద్దె పోతోందంటారా, అది వేరే సంగతి, గట్టిగా అడిగితే తగ్గిస్తారు కూడా.

ప్ర: అక్కా, నేను బీటెక్ థర్డ్ ఇయర్. ట్యూషన్లు చెప్పి నెలకి కొంత మిగులుతోంది. బిట్‌కాయిన్‌లో పెడదామంటే నాన్న "అది పేకాట" అంటున్నారు. ఫ్యూచర్ మనీ అదే కదా? — కాకినాడ పాఠకుడు

జ: నాన్నగారిది సగం నిజం, నీది పావు నిజం.

బిట్‌కాయిన్ కోడ్ చదివితే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. 2009 జనవరి 3న మొదటి బ్లాకు, అంటే దాని లెక్కల పుస్తకంలో మొదటి పేజీ. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవని కోడ్‌లోనే రాసి ఉంది, నాలుగేళ్లకోసారి కొత్తగా పుట్టేవి సగానికి తగ్గుతాయి. ఏ ప్రభుత్వమూ అచ్చు గుద్దలేదు. అంతవరకు భలే ఉంది. కానీ రోజువారీ డబ్బుగా చూస్తే, బిట్‌కాయిన్ అసలు నెట్‌వర్క్ సెకనుకి ఏడు లావాదేవీల దగ్గరే ఆయాసపడుతుంది. మన యూపీఐలో 2025 ఆగస్టు ఒక్క నెలలో 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి, సగటున సెకనుకి ఏడు వేల పైచిలుకు. ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం 2021లో బిట్‌కాయిన్‌ని అధికారిక కరెన్సీ చేసి, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) అప్పు కోసం 2025లో ఆ హోదా తీసేసింది. కాబట్టి జనం దాన్ని కొనేది ఖర్చు పెట్టడానికి కాదు, ఇంకొకరు ఎక్కువకి కొంటారని. 2021 నవంబర్‌లో 69 వేల డాలర్ల దగ్గర కొన్నవాడు ఏడాది తిరిగేసరికి 16 వేలు చూశాడు. 2024 డిసెంబర్‌లో అదే లక్ష డాలర్లు దాటింది. ఈ ఊగులాటలో నిద్రపట్టే మనిషివా నువ్వు? అది నీకే తెలియాలి.

మన దేశంలో కొనడం నేరం కాదు. బ్యాంకులు క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటివి) వ్యాపారాలకి సేవలు ఇవ్వకూడదన్న ఆర్బీఐ ఉత్తర్వుని 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ పన్ను చూస్తే నీరసం వస్తుంది. లాభం మీద 30 శాతం, దానిమీద సెస్సు, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్. పైగా నష్టాన్ని లాభంలోంచి తీసేసుకునే వీలు లేదు. ఒక కాయిన్‌లో 10 వేలు లాభం, ఇంకోదాంట్లో 10 వేలు నష్టం వచ్చిందనుకో. నీ చేతికి మిగిలింది సున్నా, కట్టాల్సింది మాత్రం 3,120.

ఇంకా ముఖ్యమైనది, ఎక్స్ఛేంజీ (కాయిన్లు కొని అమ్మే చోటు) యాప్‌లో కనిపించే బిట్‌కాయిన్ నీ దగ్గర లేదు, వాళ్ల దగ్గర ఉంది. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోని దొంగలు కొట్టేస్తే, మామూలు మదుపరులు నెలల తరబడి తమ సొమ్ము తీసుకోలేక కూర్చున్నారు. దానికి 5 లక్షల బీమా లాంటిదేమీ లేదు.

పోతే పోయింది అనుకోగలిగిన కొద్ది మొత్తంతో కొని, అది ఎలా పనిచేస్తుందో చదువుకుంటే తప్పేం లేదు. ట్యూషన్ డబ్బంతా అయితే వద్దు.

ప్ర: మేడమ్, ఇది ఎవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను. మా ఆడపడుచు భర్త ఒక కొత్త కాయిన్ కంపెనీలో పెద్ద లీడర్. ఫంక్షన్ హాల్లో మీటింగులు పెడతారు, కార్లు బహుమతి ఇస్తారు. నా నగలు బ్యాంకులో పెట్టి రెండున్నర లక్షలు కట్టాం. యాప్‌లో ఇప్పుడు 11 లక్షలు చూపిస్తోంది. ఇంకో ఇద్దరిని చేర్పిస్తే "డైమండ్" అవుతారంటున్నారు. నాకెందుకో భయంగా ఉంది. మా వారేమో ఇంటల్లుడిని అనుమానిస్తే బాగుండదంటారు. — కరీంనగర్ పాఠకురాలు

జ: అమ్మా, మీ భయం సరైనదే. యాప్‌లో 11 లక్షలు కనిపించడానికి ఏం కావాలో మీకు చెబుతాను, ఎందుకంటే అలాంటి తెరలు చేయడమే మా పని. డేటాబేస్‌లో ఒక పట్టిక. మీ మెంబర్ ఐడీ ఎదురుగా ఒక గడి, అందులో కాయిన్లు ఎన్నో ఒక అంకె. కాయిన్ ధర ఇంకో గడిలో. ఈ రెండూ గుణించి మీ ఫోన్‌లో ఆకుపచ్చ రంగులో చూపించమని నాలుగు లైన్ల కోడ్. ఆఫీసులో కూర్చున్న ఒక కుర్రాడు రాత్రి అడ్మిన్ పేజీ తెరిచి ధరని 84 నుంచి 86 చేస్తే, తెల్లారేసరికి ఫంక్షన్ హాల్లో ఉన్నవాళ్లంతా కాస్త ధనవంతులవుతారు. ఎక్కడా ఒక్క రూపాయి కదలదు.

"బ్లాక్‌చెయిన్ మీద ఉంది మేడమ్, ఎవరూ మార్చలేరు" అంటారు. బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లలో కాపీలుగా ఉండే లెక్కల పుస్తకం. దానికీ పెద్ద తెలివి అక్కర్లేదు. నమూనా కోడ్ ఉచితంగా దొరుకుతుంది, కాయిన్ పేరు, దాని గుర్తు, మొత్తం ఎన్ని, ఈ మూడూ మార్చి ఎక్కిస్తే మధ్యాహ్నం భోజనం వేళకి మీ కరీంనగర్ పేరుతోనే ఒక కాయిన్ తయారవుతుంది. కొత్త కాయిన్లు పుట్టించే హక్కు యజమానిదే అనీ, కొనడం అందరూ కొనొచ్చు గానీ అమ్మడం మేము ఒప్పుకున్నవాళ్లే అమ్మాలి అనీ ఆ కోడ్‌లోనే రాసేయొచ్చు. అంతా బ్లాక్‌చెయిన్ మీదే, అబద్ధం లేదు.

కాబట్టి బ్లాక్‌చెయిన్ గురించి వాదన పెట్టుకోకండి. అన్నయ్యగారితో గొడవా వద్దు. "అన్నయ్యా, పాప ఫీజు కట్టాలి, అందులోంచి ఒక 20 వేలు మా బ్యాంకు ఖాతాలో వేయించండి" అని మామూలుగా అడగండి. వస్తే సంతోషం, వెంటనే మీ రెండున్నర లక్షలూ తీసేసుకుని నగలు విడిపించుకోండి. ఇంకా లాకిన్ ఉంది, గడువుదాకా తీయకూడదనో, కంపెనీ ఎక్స్ఛేంజీ వచ్చే నెల లిస్ట్ అవుతుందనో, కొత్తగా చేరేవాళ్లకి మీ కాయిన్లు అమ్మి డబ్బు తీసుకోండనో జవాబొస్తే విషయం అర్థమైనట్టే. ముందు ట్యాక్స్ కట్టండి, ఆ తర్వాత విత్‌డ్రా అవుతుంది అన్నారా, ఒక్క రూపాయి కూడా కట్టకండి. నిజమైన పన్ను ఆదాయపు పన్ను శాఖకి కడతాం, యాప్‌కి కాదు.

ఆ ఇద్దరిని మాత్రం చేర్పించకండి. 1978 నాటి చట్టం ప్రకారం ఇలాంటి గొలుసు పథకాల్లోకి మనుషుల్ని చేర్చడం కూడా నేరమే. రేపు కంపెనీ బోర్డు తిప్పేస్తే మీ వీధిలోవాళ్లు తలుపు కొట్టేది మీ ఇంటికే. అగ్రిగోల్డ్‌లో చుట్టుపక్కల వాళ్లచేత డబ్బు కట్టించిన ఏజెంట్లు ఎంత నలిగిపోయారో రెండు రాష్ట్రాల్లోనూ అందరం చూశాం. వాళ్లలో చాలామంది మోసగాళ్లు కారు, నమ్మినవాళ్లు. మీ అన్నయ్యగారు కూడా నమ్మే తిరుగుతూ ఉండొచ్చు.

ఈలోగా మీరు డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, మీటింగు ఫొటోలు, యాప్ స్క్రీన్‌షాట్లు వేరే చోట దాచుకోండి. మూత పడ్డ రోజు యాప్ తెరుచుకోదు. డబ్బు రాకపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంటల్లుడి మర్యాద గురించి మీ వారికి ఒకటి చెప్పండి, తాకట్టులో ఉన్నవి అల్లుడి నగలు కావు.

ప్ర: డల్లాస్‌లో ఉంటాం. ఇండియాకి డబ్బు పంపితే ఇక్కడ కొత్త పన్ను వచ్చిందట. ఫ్రెండ్స్ యూఎస్‌డీటీ పంపి, ఒంగోలులో నాన్నగారి చేత అమ్మించుకుంటే రేటు కూడా బాగా వస్తుందంటున్నారు. పర్లేదా? — అమెరికా పాఠకుడు

జ: ఆ పన్ను 2026 జనవరి 1 నుంచి వచ్చింది, 1 శాతం. కానీ అది నోట్లు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్కు ఇచ్చి పంపేవాళ్లకి. మీ అమెరికా బ్యాంకు ఖాతా నుంచో, అక్కడి డెబిట్ కార్డుతోనో పంపితే వర్తించదు. కాబట్టి మొదటి కారణం అక్కడే పోయింది.

ఇక రేటు సంగతి. యూఎస్‌డీటీ అంటే ఒక ప్రైవేటు కంపెనీ "మా దగ్గర డాలర్ ఉంది" అని ఇచ్చే చీటీ. డాలర్‌తో ముడిపెట్టిన కాయిన్లన్నీ గట్టివని అనుకోకండి, 2022 మేలో టెర్రా వాళ్ల కాయిన్ కొద్దిరోజుల్లోనే మట్టిలో కలిసింది. ఆ తర్వాతే, 2025 జూలైలో, అమెరికా ఇలాంటి కాయిన్లకి నిల్వలు ఉండాలంటూ చట్టం చేసింది. సరే, కాయిన్ నిలబడిందనే అనుకుందాం. ఒంగోలులో నాన్నగారు దాన్ని ఎవరికి అమ్ముతారు? ఎక్స్ఛేంజీలో పరిచయం లేని మనిషి కొని, నాన్నగారి ఖాతాకి రూపాయలు పంపుతాడు. ఎక్కువ రేటు ఎందుకిస్తున్నాడో ఆలోచించారా? చాలాసార్లు అది ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు. మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేస్తారు, పోలీసులు డబ్బు దారి పట్టుకుని వస్తారు, మధ్యలో ఉన్న నాన్నగారి ఖాతా స్తంభింపజేస్తారు. పెన్షన్ పడే ఖాతా అదే అయితే మందులకి కూడా డబ్బు తీయలేరు. కేసు ఏ రాష్ట్రంలోనిదో, ఆ అధికారి ఎవరో కనుక్కుని, ఇది నా డబ్బే అని రుజువు చేసుకుంటూ ఆ వయసులో తిరగాలి. ఒక ఇంట్లో ఇలా జరగడం దగ్గరగా చూశాను, డాలర్‌కి రెండు రూపాయలు ఎక్కువొచ్చాయన్న సంతోషం వారం కూడా నిలవలేదు.

మామూలు దారిలో పంపండి. ఎన్నారై ఖాతా ఉండగా ఇదంతా ఎందుకు?

ప్ర: మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నాం, 50 లక్షల లోన్, 20 ఏళ్లు. వడ్డీ రేట్లు తగ్గాయని పేపర్లో ఒకటే రాస్తున్నారు, నా ఈఎంఐ మాత్రం పైసా తగ్గలేదు. మా కంపెనీలో లేఆఫ్‌ల భయం వేరే. ఏం చేయాలి? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జ: మన బాధలు మనకే తెలుసు. రిజర్వు బ్యాంకు 2025లో నాలుగుసార్లు రెపో రేటు (బ్యాంకులకి తాను అప్పిచ్చే వడ్డీ) తగ్గించి 6.50 నుంచి 5.25కి తెచ్చింది. మీ రుణం రెపోతో ముడిపడి ఉంటే కనీసం మూడు నెలలకోసారి రేటు మారాలి. 50 లక్షలకి 8.5 శాతం దగ్గర ఈఎంఐ 43,400 దగ్గర ఉంటే, 7.25 దగ్గర 39,500 అవుతుంది. తేడా నెలకి దాదాపు 3,900.

మీకు తగ్గకపోవడానికి రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. ఒకటి, బ్యాంకు రేటు తగ్గించి, ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గించి ఉంటుంది. చాలా బ్యాంకులు చేసేది ఇదే, స్టేట్‌మెంట్‌లో మిగిలిన నెలలు చూడండి. రెండు, మీది పాత ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు తన ఖర్చుని బట్టి పెట్టుకునే రేటు) రుణం కావచ్చు, లేదా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ ఇచ్చింది కావచ్చు. బ్యాంకులకున్న రెపో నిబంధన ఆ కంపెనీలకి లేదు, వాళ్లు రేటు పెంచేటప్పుడు ఉన్న చురుకు దించేటప్పుడు కనబడదు. చిన్న ఫీజు కట్టి కొత్త రేటుకి మార్చమని మెయిల్ పెట్టండి, ఫోన్ కాదు, మెయిల్. కుదరదంటే వేరే బ్యాంకుకి రుణం మార్చుకుంటానని చెప్పండి. ఆ మాటకి ఉన్న శక్తి వేరు.

మామూలుగా అయితే ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించుకోవడమే లాభం. కానీ టీసీఎస్ లాంటి కంపెనీయే 2025 జూలైలో 12 వేల మందికి పైగా తీసేస్తున్నామని ప్రకటించాక, లేఆఫ్ భయం ఉన్నవాళ్లకి నేను అటువైపు చెప్పను. ఈఎంఐ తగ్గించుకోండి, మిగిలింది విడిగా ఎఫ్‌డీలో పెట్టండి, ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు పోగయ్యేదాకా కారు మార్చే ఆలోచన పక్కన పెట్టండి. లోన్‌కి ముందుగా కట్టేసిన డబ్బు ఉద్యోగం పోయిన నెలలో వెనక్కి అడిగితే బ్యాంకు ఇవ్వదు.

ప్ర: మా నాన్న భీమవరం దగ్గర కౌలుకి వరి వేస్తాడు. ఎరువులు మాత్రమే కొనగలిగే డిజిటల్ డబ్బు వస్తుందంటున్నారు, నిజమేనా? అలాంటి డబ్బు కూడా ఉంటుందా అండీ? — డిగ్రీ విద్యార్థిని

జ: ఉంటుందమ్మా. 2021 ఆగస్టులోనే ఈ-రూపీ అని ఫలానా పనికే చెల్లే వోచర్ తెచ్చారు. డిజిటల్ రూపాయిని కౌలు రైతుల రుణాలకి ఇలా వాడే ప్రయోగం గురించి 2024లో అప్పటి ఆర్బీఐ గవర్నర్ శక్తికాంత దాస్ చెప్పారు. ఆలోచన చెడ్డది కాదు. భూమి పట్టా లేదు కాబట్టి కౌలు రైతుకి బ్యాంకు అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది. ఇచ్చిన డబ్బు విత్తనం, ఎరువు కొట్లలోనే ఖర్చయ్యేలా కట్టేస్తే బ్యాంకుకి ధైర్యం వస్తుంది. సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకిచ్చే సాగు హక్కు పత్రం) చేతిలో పెట్టుకుని కూడా బ్యాంకు గుమ్మం దగ్గర ఆగిపోయే కౌలు రైతుకి ఇదొక తలుపే.

కోడ్ రాసేదానిగా నా అనుమానం వేరు. "ఈ డబ్బు ఈ కొట్లలోనే చెల్లుతుంది" అనే నియమం రాయడం మాకు పది నిమిషాల పని. ఆ కొట్ల జాబితా ఎవరు రాస్తారు? మీ నాన్నగారికి పెట్టుబడి అంటే యూరియా, డీఏపీ ఒక్కటే కాదు కదా. నాట్లకి వచ్చిన ముఠాకి సాయంత్రానికి కూలి ఇవ్వాలి, దమ్ము చేసిన ట్రాక్టర్‌కి కిరాయి, కోత మిషన్‌కి గంట లెక్కన, ముందుగా కట్టమనే చోట కౌలు కూడా. ఇవేవీ జాబితాలో దొరకవు. అప్పుడు ఏమవుతుందో ఊళ్లో ఎవరైనా చెబుతారు, ఎరువుల కొట్టతను బస్తాలు ఇచ్చినట్టు బిల్లు రాసి, తన కమిషన్ పట్టుకుని నోట్లు చేతిలో పెడతాడు. రైతు డబ్బుకి ఇంకో దళారీ తయారవుతాడు. దీన్ని డిజైన్ చేసేవాళ్లు నాట్ల రోజు ఒకసారి పొలం గట్టు మీద నిలబడి ఎవరెవరికి డబ్బు ఇస్తున్నారో రాసుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

నాన్నగారిని అడగమనండి, ఆ రుణంలో ఎంత భాగం కూలీలకి చేతికిచ్చేలా వస్తుందని. ఆ జవాబుని బట్టి తీసుకోవాలో వద్దో చూసుకోండి.

ప్ర: మీరు సాఫ్ట్‌వేర్ వాళ్లు కదా, మీ పర్సులో అసలు నోట్లు ఉంటాయా? — గుంటూరు పాఠకురాలు

జ: ఉంటాయి. ఐదు వందలవి నాలుగు, చిల్లర కొంత. సర్వర్లు ఎప్పుడెప్పుడు పడుకుంటాయో నాకు తెలుసు కాబట్టి.

ప్ర: కొట్టులో 1,800 కొట్టాను. నా ఖాతాలో కట్ అయింది, కొట్టతనికి రాలేదన్నాడు, మళ్లీ నోట్లు ఇచ్చి వచ్చాను. ఇంకోసారి తొందరలో తప్పు నంబర్‌కి 3 వేలు పోయాయి. రెండూ వెనక్కి వస్తాయా? — రాజమహేంద్రవరం పాఠకుడు

జ: మొదటిది వస్తుంది. మీ బ్యాంకులో తగ్గి అవతల పెరిగిన కబురు తిరిగి రాకపోతే అలా మధ్యలో ఆగుతుంది. కొట్టుకి చేసిన చెల్లింపు అయితే ఐదు రోజుల్లో, మనిషికి పంపిందయితే మర్నాటికల్లా వెనక్కి వేయాలని 2019లో ఆర్బీఐ గడువు పెట్టింది. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం మీ హక్కు, అడగండి. యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టి, యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు అంకె) రాసిపెట్టుకోండి.

రెండోది కష్టం. మీ పిన్‌తో మీరే పంపారు కాబట్టి వ్యవస్థ దృష్టిలో అది సరైన లావాదేవీ. వెంటనే యాప్‌లో, బ్యాంకులో ఫిర్యాదు ఇస్తే వాళ్లు అవతలి బ్యాంకు ద్వారా ఆ మనిషిని అడుగుతారు, ఆయన ఒప్పుకోకుండా ఖాతాలోంచి తీయలేరు. ఫోన్ నంబర్‌కే పంపారు కదా, ముందు మర్యాదగా ఫోన్ చేసి చూడండి, చాలామంది ఇచ్చేస్తారు. డబ్బు వెనక్కి పంపుతున్నాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే మాత్రం పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.